పెద్ద స్లైడ్-ఇన్ క్యాంపర్ మోయడానికి ఏ ట్రక్కు తీసుకోవాలి?

ప్లేనో_శ్రీను (టెక్సస్)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ పోస్టులు చదువుతున్నా, రాయడం ఇదే మొదలు.

మా ఆవిడకీ నాకూ ట్రక్కు క్యాంపర్ మీద మనసు పడింది. వెనక తగిలించి లాగే ట్రైలర్ కాదు, ట్రక్కు బెడ్‌లోనే కూర్చునే రకం. దగ్గర్లో ఒకాయన ఆర్కిటిక్ ఫాక్స్ 990 అమ్ముతున్నాడు. ఒక స్లైడ్-అవుట్ (ఆగినప్పుడు పక్కకి బయటికి జరిగే భాగం), లోపలే బాత్రూమ్, క్యాబ్ మీదకి వచ్చే భాగంలో క్వీన్ బెడ్. బాగా చూసుకున్న బండి. లోపల అంటించిన స్టిక్కర్ మీద ఖాళీ బరువు 3,400 పౌండ్లని ఉంది.

నా దగ్గర 2019 ఎఫ్-150 ఉంది. 3.5 ఎకోబూస్ట్, నాలుగు తలుపులు, ఐదున్నర అడుగుల బెడ్. ఒక డీలర్ దగ్గర సేల్స్‌మన్‌ని అడిగితే "మీ ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుంది, 3,400 ఒక లెక్కా" అన్నాడు. ఇంటర్నెట్‌లో చూస్తే అందరూ వద్దంటున్నారు. మేం నలుగురం, పిల్లలకి పదకొండు, ఎనిమిది. వేసవిలో భీమవరం నుంచి అమ్మానాన్న వస్తే వాళ్లూ మాతోనే. ఎక్కువగా కొలరాడో, న్యూ మెక్సికో వైపు వెళ్తాం.

ఎఫ్-150తో నడుస్తుందా? నడవకపోతే ఏది తీసుకోవాలి?

---

హైవే_హనుమ (ఫ్రెస్నో)

శ్రీనన్నా, లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్‌కి దాని చక్రాలు దానికుంటాయి, బరువులో పెద్ద భాగం అవే మోసుకుంటాయి. బెడ్‌లో పెట్టిన క్యాంపర్ మొత్తం మీ స్ప్రింగుల మీద, వెనక యాక్సిల్ మీద, టైర్ల మీద పడుతుంది. ఆ 11,000తో ఇక్కడ పనే లేదు.

డ్రైవర్ తలుపు తెరవండి. పక్కన పిల్లర్ మీద టైర్ల సమాచారంతో పసుపు రంగు స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని రాసుంటుంది. ఆ అంకె ఇక్కడ పెట్టండి. బ్రోచర్‌లోది వద్దు. ఒకే మోడల్‌లో కూడా సన్‌రూఫ్, 4x4, ఖరీదైన సీట్లు ఉంటే ఆ అంకె తగ్గిపోతుంది.

---

ప్లేనో_శ్రీను

ఇప్పుడే చూశా. 1,684.

---

కొత్తగూడెం_కిట్టు (అట్లాంటా)

మీ నలుగురు ఎక్కితే 1,200 మిగులుతుంది. క్యాంపర్‌లో మూడో వంతు మోయొచ్చు. ఇంకో రెండు ఎఫ్-150లు కొనండి, మొత్తం సెట్ అవుతుంది 😄

జోక్ పక్కన పెడితే, ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు క్యాంపర్ బుక్ చేసే ముందు ఒక వారం అద్దెకి తీసుకుని చూడొచ్చు కదా? ఆరుగురు ఆ పెట్టెలో ఎలా పడుకుంటారు?

---

సియాటిల్_సుధ

శ్రీను గారూ, మాది లాన్స్ క్యాంపర్, షెవీ 3500 డ్యూయలీ (వెనక ఒక్కో వైపు రెండేసి చక్రాలుండే ట్రక్కు) మీద వేసుకుని తిరుగుతాం. ఎఫ్-150 సంగతి వదిలేయండి, అది వెయ్యి, పన్నెండొందల పౌండ్ల పాప్-అప్ క్యాంపర్లకి పనికొచ్చే బండి. మీరు చెప్పే సైజు క్యాంపర్ దాని మీద ఎక్కదు. ఐదున్నర అడుగుల బెడ్ అయితే కొలతే కుదరదు, 990 అనేది ఎనిమిది అడుగుల బెడ్ కోసం చేసినది.

నేను చెప్పాలనుకున్నది ఆ 3,400 గురించి. అది ఖాళీ బరువు, అంటే ట్యాంకుల్లో చుక్క నీళ్లు లేకుండా, అల్మారాలో గరిటె కూడా లేకుండా. రోడ్డెక్కేసరికి తడిసి మోపెడవుతుంది. నీళ్లు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు. 40 గ్యాలన్లు నింపితే 334. రెండు ప్రొపేన్ సిలిండర్లు నిండుగా ఉంటే 75 వేసుకోండి. లెడ్-యాసిడ్ బ్యాటరీలు రెండుంటే 120 దాకా, ఇవి చాలాసార్లు స్టిక్కర్ బరువులో కలపరు. క్యాంపర్‌ని ట్రక్కుకి కట్టే టై-డౌన్లు, జాక్ బ్రాకెట్లు ఒక 100. ఇక వంటసామాను, దుప్పట్లు, బట్టలు, కుర్చీలు, పిల్లల సైకిళ్లు. మన ఇళ్లలో 500కి తక్కువ ఎక్కడా రాదు. కుక్కర్, ఇడ్లీ పాత్ర, బియ్యం సంచి, పప్పులు, పచ్చడి సీసాలు అన్నీ ఎక్కాల్సిందే. మేం మొదట్లో గ్రైండర్ కూడా తీసుకెళ్లేవాళ్లం.

కూడండి: 3,400 + 334 + 75 + 120 + 100 + 500. దాదాపు 4,530. ఇది క్యాంపర్ ఒక్కటే. దీని మీద మీ నలుగురు. అమ్మానాన్న వస్తే ఆరుగురు.

అందుకే ముందు ఏ క్యాంపరో తేల్చుకుని, దాని నిండు బరువు లెక్కేసి, ఆ తర్వాతే ట్రక్కు చూడాలి. చాలామంది ట్రక్కు కొనేసి దానికి సరిపోయే క్యాంపర్ వెతుక్కుంటూ తిరుగుతారు. మీకు అదృష్టం, ఇంకా ఏదీ కొనలేదు.

---

డెన్వర్_డీజిల్

సుధ గారు సగం పని చేసేశారు. ట్రక్కు దగ్గరికొస్తే నా ఓటు రామ్ 3500, 6.7 కమిన్స్ డీజిల్ ఇంజన్. కొండలు ఎక్కాలంటే డీజిల్ తప్ప వేరే మాట లేదు. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేక్ పెడల్ మీద పెద్దగా కాలు పెట్టక్కర్లేదు. ఒకసారి వూల్ఫ్ క్రీక్ పాస్ దిగి చూడండి, మీకే అర్థమవుతుంది.

---

టెంపే_తేజ (అరిజోనా)

మీరంతా అనవసరంగా భయపెడుతున్నారు బ్రో. నాది రామ్ 2500, 3,000 దాటిన క్యాంపర్ వేసుకుని తిరుగుతున్నా. వెనక స్ప్రింగులకి తోడుగా గాలి నింపే ఎయిర్‌బ్యాగులు వేయించా, గాలి కొట్టగానే బండి లెవెల్‌గా నిలబడుతుంది. పికప్‌లని ఎవడూ ఆపి తూకం వేయడు. డ్యూయలీ కొనాల్సిన పని లేదు, డబ్బు దండగ.

---

పెద్దబాబాయ్ (హ్యూస్టన్)

తేజా, కోప్పడకు, నీ ట్రక్కు గురించే చెప్తా. రామ్ 2500కి 2014 నుంచి వెనక లీఫ్ స్ప్రింగులు లేవు, కాయిల్ స్ప్రింగులు. ఖాళీగా నడిపేటప్పుడు మెత్తగా హాయిగా ఉంటుంది. పైన బరువైన, ఎత్తైన క్యాంపర్ కూర్చుంటే పక్కలకి ఊగుతుంది. 3500లో లీఫ్ స్ప్రింగులు ఉంచడానికి కారణమే ఈ పని.

ఎయిర్‌బ్యాగు బండి కుంగకుండా పైకెత్తుతుంది. అంతే. యాక్సిల్ గొట్టం లావు కాదు, బేరింగులు పెద్దవి కావు, టైరు మోసే బరువు ఒక్క పౌండు పెరగదు. కుంగడం ఒక్కటే నీకు కనబడే హెచ్చరిక, దాన్ని దాచేసుకున్నావు.

ఇంకో సంగతి. 250, 2500 అని రాసున్న ట్రక్కుల్లో చాలావాటికి మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్ల దగ్గరే ఆపేస్తారు. అందులో డీజిల్ ఇంజన్ పెడితే స్టిక్కర్ మీద 2,200, 2,500 మిగులుతుంది. ఇనుము చూస్తే 350తో దాదాపు సమానమే అనిపిస్తుంది, కాగితం మీద మాత్రం చాలా తేడా. ప్రమాదం ఏదైనా జరిగితే అవతలి వకీలు ముందు అడిగేది ఆ కాగితమే. తూకం వేసేవాడు లేకపోవచ్చు, తర్వాత లెక్క అడిగేవాడు ఉంటాడు.

ఇక శ్రీను లెక్క. క్యాంపర్ బరువు దాదాపు అంతా వెనక యాక్సిల్ మీదే పడుతుంది. క్యాంపర్ పక్కన బయట చిన్న బాణం గుర్తుతో స్టిక్కర్ ఉంటుంది, అది బరువు మధ్యబిందువు. బెడ్‌లో పెట్టాక ఆ గుర్తు వెనక యాక్సిల్‌కి కాస్త ముందు ఉండాలి. వెనక్కి పోతే ముందు చక్రాల మీద బరువు తేలికైపోతుంది, స్టీరింగ్ మాట వినదు. సరిగ్గా కూర్చున్నా 4,500లో ముందుకి వెళ్లేది రెండు మూడొందలు.

ఒక్కో వైపు ఒక్కో చక్రం ఉన్న 350ల వెనక యాక్సిల్ ఖాళీగా 3,000 చుట్టుపక్కల తూగుతుంది. దాని మీద 4,200 వేస్తే 7,200. వెనక సీట్లో మనుషుల వాటా కలిస్తే ఇంకా పైకి. ఈ ట్రక్కుల్లో మామూలుగా వచ్చే 18 అంగుళాల టైరు, 275/70, ఈ-రేటింగ్, 80 పీఎస్ఐ దగ్గర ఒక్కోటి 3,640 మోస్తుంది. రెండు కలిపితే 7,280. అంచు మీద నడవడమే. జూలైలో టెక్సస్ తారు రోడ్డు మీద అంచున నడిపే టైరు పేలితే అటూ ఇటూ పట్టుకోవడానికి రెండో టైరు లేదు.

డ్యూయలీకి 17 అంగుళాల టైర్లు చిన్నవే, కానీ నాలుగు. జంటగా ఉన్నప్పుడు ఒక్కోటి 2,910. నాలుగు కలిపితే 11,640. అదీ తేడా.

---

టెంపే_తేజ

సరే బాబాయ్, యాక్సిల్ మాట ఒప్పుకుంటా. కానీ డ్యూయలీతో సిటీలో బతకడం కష్టం. డ్రైవ్-త్రూలో దూరదు, కార్ వాష్‌లో రానివ్వరు. వెనక 8 అడుగుల వెడల్పు.

---

సియాటిల్_సుధ

నిజమే. కాస్ట్‌కో పార్కింగ్‌లో చివరన పెట్టి నడుచుకుంటూ వస్తాం. అలవాటైపోతుంది. కానీ రోజూ ఆఫీసుకి వెళ్లే బండి కూడా ఇదే అయితే ఆలోచించాలి. మాకు వేరే చిన్న కారు ఉంది.

వెడల్పు గురించి అన్నారు కాబట్టి: గ్లేషియర్ నేషనల్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మీద పొడవు 21 అడుగులు, లేదా అద్దాలతో కలిపి వెడల్పు 8 అడుగులు దాటిన బండ్లకి పైభాగంలో అనుమతి లేదు, ఎత్తు 10 అడుగులు దాటితే పైకి పొడుచుకొచ్చిన కొండరాళ్లతో ఇబ్బంది కూడా. ఏ పెద్ద క్యాంపరైనా దాటుతుంది, డ్యూయలీ అయినా కాకపోయినా. కిందే వదిలి షటిల్ ఎక్కాలి. జయన్ పార్కు సొరంగంలోనూ పెద్ద బండ్లకి ఆంక్షలున్నాయి, వెళ్లే ముందు పార్కు సైట్ చూసుకోండి.

---

ప్లేనో_శ్రీను

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థాంక్యూ. రోజూ నడపడానికి మా ఆవిడ కారు ఉంది, నాది వర్క్ ఫ్రమ్ హోమ్. కాబట్టి డ్యూయలీ ఓకే.

ఇప్పుడు డీజిలా, పెట్రోలా? డెన్వర్ గారు డీజిల్ అంటున్నారు. ఎఫ్-450 కూడా చూశా. 350 కన్నా పెద్దది కదా, ఇంకా ఎక్కువ మోస్తుంది కదా?

---

హైవే_హనుమ

ఎఫ్-450 పికప్ దగ్గర చాలామంది మోసపోతారు. పేరులో 450 ఉంది కానీ దాని మొత్తం బరువు పరిమితి కూడా 14,000 పౌండ్లే, ఎఫ్-350 డ్యూయలీ లాగే. బండి మాత్రం ఇంకా బరువు. అంటే మోసేది తక్కువ. అది భారీ ట్రైలర్లు లాగడానికి చేసిన బండి. ముందు యాక్సిల్ వెడల్పుగా ఉండటంతో చిన్న జాగాలో తిరుగుతుంది, అదొక్కటీ నాకు భలే ఇష్టం. మీ పనికి డబ్బు ఎక్కువ, పేలోడ్ (మోయగలిగే బరువు) తక్కువ.

డీజిల్‌ది కూడా ఇదే కథ. 14,000 అనేది పైకప్పు. అందులో ట్రక్కు ఎంత బరువుంటే మీకు అంత తక్కువ మిగులుతుంది. డీజిల్ ఇంజన్, దాని కూలింగ్, పొగని శుభ్రం చేసే డీఈఎఫ్ ద్రవం ట్యాంకు, బ్యాటరీలు కలిసి పెట్రోల్ బండి కన్నా కొన్ని వందల పౌండ్లు ఎక్కువ. నాలుగు తలుపులు, 4x4, డీజిల్, పైన ఖరీదైన ట్రిమ్ (హంగుల స్థాయి) అంటే స్టిక్కర్ మీద 5,200 దగ్గర చూస్తారు. అదే ఫోర్డ్ 7.3 పెట్రోల్, సాదా ట్రిమ్‌లో అయితే 6,000 చుట్టుపక్కల. మీ ఆరుగురితో లెక్క 5,300 అవుతోంది. ఏది సరిపోతుందో చూసుకోండి.

---

డెన్వర్_డీజిల్

హనుమన్న లెక్క తప్పని అనను. కానీ మీరంతా సముద్ర మట్టం దగ్గర కూర్చుని మాట్లాడుతున్నారు. ఐసెన్‌హవర్ టన్నెల్ 11,158 అడుగులు. మొనార్క్ పాస్ 11,312. టర్బో లేని పెట్రోల్ ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. పైకి వెళ్లేసరికి మూడో వంతు గాలికి పోయింది. 7.3కి 430 హార్స్‌పవర్ అని రాస్తారు, మొనార్క్ మీద 290 కూడా ఉండదు. డీజిల్‌కి టర్బో ఉంది, దానికి ఆ బాధ అంతగా లేదు. మేం ఇక్కడ రోజూ చూస్తాం, పెట్రోల్ బండి 4,500 ఆర్పీఎం మీద అరుస్తూ కుడి లేన్‌లో పాకుతుంటుంది.

---

పెద్దబాబాయ్

మొత్తం 13,000 పౌండ్ల బండికి 290 హార్స్‌పవర్ చాలు. నెమ్మదిగా ఎక్కుతుంది, ఎక్కకపోవడం ఉండదు. అరవడం అంటావా, ఆ ఇంజన్‌ని ఆ ఆర్పీఎంలో నడవడానికే చేశారు. సెలవులకి వెళ్తూ కొండ మీద గంటకి 45 మైళ్లు వెళ్తే కొంప మునిగేదేం లేదు.

నువ్వు దిగడం గురించి చెప్పింది మాత్రం నూటికి నూరు శాతం నిజం. ఎగ్జాస్ట్ బ్రేక్ హాయి పెట్రోల్‌లో రాదు. బరువు మోసేటప్పుడు వాడే టో/హాల్ మోడ్‌లో వేస్తే గేర్‌బాక్స్ కింది గేర్లకి దిగి పట్టుకుంటుంది, కానీ డ్రైవర్‌కి కాస్త ఓర్పు కావాలి. శిఖరం దాటకముందే వేగం తగ్గించుకోవాలి.

12,000 పౌండ్ల ట్రైలర్ కూడా లాగుతానంటే నేనూ డీజిల్ అంటా. క్యాంపర్ ఒక్కటే అయితే, ఏడాదికి ఓ అయిదారు వేల మైళ్లు తిరిగేవాళ్లకి, డీజిల్ కోసం అదనంగా పెట్టే పది వేల డాలర్లు ఇంధనం ఆదాలో తిరిగి రావు. నా ఓటు పెట్రోల్ డ్యూయలీకి.

---

డెన్వర్_డీజిల్

బాబాయ్‌తో వాదించి గెలిచినవాడు లేడు. కానీ నా బండి అమ్మను 😄

---

నెల్లూరు_నేను (సాన్ హోజే)

ఇంజన్ల గురించి పేజీలు రాశారు, మనుషుల గురించి ఒక్క ముక్క రాయలేదు. శ్రీను గారూ, మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నాయా? డ్యూయలీ 4x4 మీద క్యాంపర్ తలుపు నేల నుంచి మూడడుగుల పైమాటే ఉంటుంది. మడత మెట్లు నాలుగైదు ఉంటాయి, ఒక్కోటి ఎత్తుగా, ఇరుకుగా. రాత్రి బాత్రూమ్ లోపలే ఉంది కాబట్టి దిగక్కర్లేదు, అది పెద్ద ఊరట. క్యాబ్ మీద పడకకి పాక్కుంటూ ఎక్కాలి, అది పెద్దవాళ్లకి ఇవ్వకండి. డైనింగ్ టేబుల్ మడిస్తే పడక అవుతుంది, అది వాళ్లకి.

మంచు కాలంలో వెళ్లరు అంటే 4x2 చూడండి. బండి కాస్త కిందకి ఉంటుంది, ఎక్కడం తేలిక, పేలోడ్ కూడా పెరుగుతుంది. క్యాంపర్ మొత్తం ఎత్తు కూడా తగ్గుతుంది.

ప్రయాణంలో మాత్రం అందరూ ట్రక్కులోనే, బెల్టు పెట్టుకుని. క్యాంపర్ లోపల కూర్చోబెట్టి నడపడం మీద రాష్ట్రానికో రూలు ఉంది. రూలు ఒప్పుకున్నా నేను మా వాళ్లని కూర్చోబెట్టను. ఆరుగురికి ముందు బెంచి సీటు ఉన్న ట్రక్కు కావాలి, మధ్యలో కన్సోల్ ఉంటే అయిదుగురే.

---

ప్లేనో_శ్రీను

మేడమ్, ముందు సీటు సంగతి నాకు తట్టనే లేదు. చూసినవన్నీ కన్సోల్ ఉన్నవే. ఎక్స్ఎల్, ఎక్స్ఎల్‌టీ ట్రిమ్‌లలో 40/20/40 బెంచి వస్తుందట. ఆ దిశగా వెతుకుతా.

4x4 మాత్రం కావాలి, కొలరాడోలో ఫారెస్టు రోడ్ల మీద క్యాంప్ చేయాలని ఉంది.

---

కొత్తగూడెం_కిట్టు

మీ హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఊరుకుంటారా? మా సందులో ఒకాయన ఆర్వీ వాకిట్లో పెట్టాడు, రెండో రోజుకల్లా ఉత్తరం. డ్యూయలీ పొడవు బెడ్ ఇరవై రెండు అడుగులు, గ్యారేజీలో పట్టదు.

---

ప్లేనో_శ్రీను

మాదీ అదే బాపతు. ట్రక్కు వాకిట్లో పెట్టొచ్చు, క్యాంపర్ పెట్టకూడదు. స్టోరేజీ మాట్లాడా, ఇంటికి పదిహేను నిమిషాలు. అక్కడే జాక్‌ల మీద నిలబెట్టి ట్రక్కు బయటికి లాగేస్తా. ట్రైలర్ కాకుండా ఇది కావాలనుకున్న కారణాల్లో అదొకటి.

---

ప్లేనో_శ్రీను

అప్‌డేట్. ఓక్లహోమా సిటీ దగ్గర ఒకటి దొరికింది. 2021 ఎఫ్-350 డ్యూయలీ, ఎక్స్ఎల్‌టీ, నాలుగు తలుపులు, 8 అడుగుల బెడ్, 7.3 పెట్రోల్, 4x4, ముందు బెంచి సీటు. ఒక కాంట్రాక్టర్ వాడాడు, 61,000 మైళ్లు. తలుపు మీద పేలోడ్ 5,980. వెనక యాక్సిల్ పరిమితి 9,900. శనివారం చూడటానికి వెళ్తున్నా. ఏం చూడాలి?

---

హైవే_హనుమ

మంచి బండి. టైర్లతో మొదలుపెట్టండి. టైరు పక్కన డీఓటీ అని ఉన్న వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 1520 అంటే 2020లో 15వ వారం. ఆరూ చూడాలి. లోపలి జంట టైర్లని ఎవరూ పట్టించుకోరు, వాల్వ్ అందదు కాబట్టి గాలి కూడా కొట్టరు. లోపలివి అరిగో, పాతవో ఉంటే ఆరింటి ధర బేరంలో తగ్గించమనండి. రెండు జంట టైర్ల మధ్య రాళ్లు ఇరుక్కున్నాయేమో టార్చి వేసి చూడండి.

కింద పడుకుని ఫ్రేము చూడండి. గూస్‌నెక్ హిచ్ (బెడ్ మధ్యలో పెద్ద ట్రైలర్ తగిలించే కొక్కెం) కోసం ఎవరైనా వెల్డింగ్ చేశారా, అదనపు రంధ్రాలు పెట్టారా. కాంట్రాక్టర్ బండి కాబట్టి బెడ్ నేల కూడా చూడండి, అది అల్యూమినియం, రాళ్లు పోస్తే గుంటలు పడతాయి.

---

పెద్దబాబాయ్

దీనికి క్యాంపర్ ప్యాకేజీ వేయించారేమో విన్ నంబరుతో (బండి గుర్తింపు సంఖ్య) డీలర్ సర్వీసు కౌంటర్‌లో అడుగు. ఉంటే ముందు స్ప్రింగులు గట్టివి వస్తాయి. లేకపోయినా నీ బరువుకి ఇబ్బంది లేదు.

గ్లవ్ బాక్స్‌లో కాగితాలు వెతుకు. స్లైడ్-ఇన్ క్యాంపర్ ఎంత బరువు వరకు, మధ్యబిందువు ఎక్కడ ఉండాలో తయారీదారు సమాచారం ఇవ్వాలని ఫెడరల్ నిబంధన ఉంది. ఫోర్డ్ టోయింగ్ గైడ్‌లో కూడా ఆ పట్టిక ఉంటుంది.

---

సియాటిల్_సుధ

కొన్నాక చేయాల్సినవి నేను చెప్తా, ఇవి ఎవరూ ముందు చెప్పరు.

టై-డౌన్లు ఫ్రేముకి బిగించేవి తీసుకోండి, టార్క్‌లిఫ్ట్ వాళ్లవి ఎక్కువమంది వాడతారు. బెడ్ అంచుకి కట్టేవి ఇంత బరువుకి వద్దు, రేకు చిరుగుతుంది. బెడ్‌లో మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, ప్లాస్టిక్ లైనర్ ఉంటే తీసేయండి, దాని మీద క్యాంపర్ జారుతుంది.

డ్యూయలీ వెనక భాగం వెడల్పు కాబట్టి క్యాంపర్ ముందు జాక్‌లు తగులుతాయి. బయటికి జరిపే బ్రాకెట్లు ఆ క్యాంపర్‌కి ఉన్నాయో లేవో అమ్మేవాడిని అడగండి. పాత ఓనర్‌ది డ్యూయలీ కాకపోతే ఉండవు.

టెయిల్‌గేట్ తీసేయాలి, దాంతో వెనక కెమెరా పోతుంది. క్యాంపర్‌కి వేరే కెమెరా పెట్టించుకోండి, అది లేకుండా క్యాంప్‌గ్రౌండ్‌లో రివర్స్ చేయడం నరకం. కరెంటు ప్లగ్ బంపర్ దగ్గర ఉంటుంది, బెడ్ లోపల ముందువైపు ఇంకో ఏడు పిన్నుల ప్లగ్ వేయించండి.

---

టెంపే_తేజ

రబ్బరు మ్యాట్ మాట నాకూ పనికొచ్చింది అక్కా. ఎయిర్‌బ్యాగులు తీసేయమంటారా?

---

సియాటిల్_సుధ

ఉంచుకో తమ్ముడూ. క్యాంపర్ మార్చు.

---

ప్లేనో_శ్రీను

ట్రక్కు తీసుకున్నా. లోపలి టైర్లు 2018వి, 2021 బండి మీద! ఎవరో పాతవి తగిలించారు. ఆరు కొత్త టైర్ల ధర తగ్గించాడు. జాక్ బ్రాకెట్లు క్యాంపర్‌తో లేవు, విడిగా తెప్పించా. క్యాంపర్ నిన్న ఎక్కించాం, రెండు గంటలు పట్టింది. మా ఆవిడ వెనక నిలబడి "ఎడమ, ఎడమ" అంటే అది ఆవిడ ఎడమా, నా ఎడమా అని పెద్ద రభస.

తూకం ఎక్కడ వేయించాలి?

---

హైవే_హనుమ

లవ్స్, పైలట్ లాంటి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. మూడు పలకలుంటాయి, ముందు చక్రాలు మొదటి దాని మీద, వెనక చక్రాలు రెండో దాని మీద ఉండాలి. యాప్‌లో డబ్బు కట్టేయొచ్చు, పదిహేను డాలర్ల చుట్టూ. నీళ్లు నింపి, సామాను అంతా పెట్టి, పెట్రోల్ ట్యాంకు నిండుగా, అందరూ కూర్చుని వెళ్లండి. ఖాళీగా తూచి సంబరపడొద్దు. వెనక లారీలు వరసలో ఉంటే తొందరపడకండి, వాళ్లూ అదే పని మీద వచ్చారు.

---

ప్లేనో_శ్రీను

చీటీ వచ్చింది. మేం నలుగురం, నీళ్లు నిండుగా. ముందు 4,980, వెనక 8,240, మొత్తం 13,220.

---

పెద్దబాబాయ్

నీ ట్రక్కు ఖాళీగా 14,000 లోంచి 5,980 తీసేస్తే 8,020. అంటే పైన వేసింది 5,200. సుధ గారి లెక్క ప్రకారం క్యాంపర్ 4,530, మీ నలుగురికి 480 వేసుకుంటే 5,010. దాదాపు 190 ఎక్కువ వచ్చింది. ఎక్కడో ఏదో అదనంగా దాచారు, అది మామూలే.

వెనక యాక్సిల్ మీద ఇంకా 1,660 ఖాళీ ఉంది, టైర్ల మీద అంతకన్నా ఎక్కువ. మొత్తం మీద 780 మిగులు. అమ్మానాన్న, వాళ్ల రెండు సూట్‌కేసులు నిశ్చింతగా ఎక్కుతాయి. వెనక ఒక్కో వైపు ఒకే చక్రం ఉన్న ట్రక్కు అయితే ఈ చీటీ చూసి నేను నిన్ను ఇంటికి పొమ్మనేవాణ్ణి.

---

ప్లేనో_శ్రీను

టైర్లలో గాలి ఎంత పెట్టమంటారు? తలుపు స్టిక్కర్ మీద ఉన్నంతేనా? అమరిల్లో మీదుగా 287లో వెళ్లి రటాన్ పాస్ ఎక్కుదామని ప్లాన్.

---

హైవే_హనుమ

క్యాంపర్ ఉన్నప్పుడు స్టిక్కర్ మీద ఉన్నంత పెట్టండి, తగ్గించొద్దు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఎండలో నడిపాక కాదు. లోపలి టైర్లకి వాల్వ్ ఎక్స్‌టెన్షన్లు వేయించుకోండి, లేకపోతే మీరు చూడరు.

287 మీద అమరిల్లో దగ్గర పక్క గాలి గట్టిగా కొడుతుంది. లారీ ఎదురొచ్చి దాటేటప్పుడు బండి ఒక్క తోపు తోస్తుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి, 65 దాటొద్దు. బయల్దేరిన మొదటి యాభై మైళ్లలో ఒకసారి ఆగి టై-డౌన్లు చూడండి, క్యాంపర్ సర్దుకుని కూర్చున్నాక కాస్త వదులవుతాయి. విచిటా ఫాల్స్‌లో పెట్రోల్ కొట్టించేటప్పుడు మళ్లీ చూడండి.